ఆవిరి దారి

మొదటి రాయి కిటికీ అద్దాన్ని పగలగొట్టింది. రెండోది తలుపు మీద పడింది. మూడోది పగిలిన కిటికీలోంచి దూసుకొచ్చి, దేవుడి గూటి ముందున్న దీపపు సెమ్మెను కింద పడేసింది.

"తలుపు తీయొద్దురా ప్రదీపా! నీ కాళ్లు పట్టుకుంటా, తీయొద్దు!" కన్యకమ్మ పెద్దకొడుకు చొక్కా రెండు చేతులా పట్టుకుని వేలాడుతోంది.

ప్రదీప్‌కుమార్ తల్లిని విదిలించుకున్నాడు. అతని చేతిలో ఇనుపకొట్టు షట్టరు లాగే కడ్డీ ఉంది.

"ఇడుసమ్మా! నా ఇంటి మీద రాయి వేసేంత మగోడు ఎవుడో చూస్తా."

"ఎవుడో తెలీదా బావా? మద్దిలేటి తమ్ముడు హనుమేష్. అన్నకు కన్ను పోయింటే వాడు రాళ్లు వేయక ఇంకేమి చేస్తాడు?"

అన్నది శ్రీదేవి. ఆ ఇంటి చిన్నకోడలు మంగళవారం తర్వాత నోరు తెరవడం అదే మొదలు. ఇవాళ గురువారం.

ప్రదీప్‌కుమార్ ఆమె వైపు తిరిగాడు. "ఎవరి వల్ల పోయిందమ్మా ఆ కన్ను? ఎవరి వల్ల? చెప్పు!"

రెండు రోజులుగా ఆమె తనను తాను అడుగుతున్నదీ అదే.

డోన్ పొలిమేరలో ఉన్న వాళ్ల ఫౌండ్రీలో ఇనుము కరిగించే కరెంటు కొలిమి ఉంది. ఆ కొలిమిని నడిపే ప్యానెల్లో అరచేతంత బిళ్లల్లాంటి ఎలక్ట్రానిక్ పరికరాలు, ఒక్కోదానిలోంచి వందల ఆంపియర్ల కరెంటు. వాటిని చల్లబరచడానికి బోరునీళ్లు తిప్పేవాళ్లు. ఆ నీళ్లకు గొట్టాల్లో సున్నం పేరుకుని, ఎండాకాలం వచ్చిందంటే రెండో మూడో బిళ్లలు కాలిపోయేవి. నీళ్ల బెడదే లేకుండా శ్రీదేవి ఒక ట్యాంకు చేసింది. కరెంటు పారని ద్రవం ఒకటి తెప్పించి, బిళ్లలను అందులో నిలువునా ముంచింది. ఆ ద్రవం యాభై ఆరు డిగ్రీలకే మరుగుతుంది. ఆవిరై వేడిని మోసుకుని పైకి పోతుంది, కప్పు మీది గొట్టాల్లో చల్లబడి మళ్లీ చుక్కలుగా కిందికి దిగుతుంది. బిళ్లలకు బిగించిన రాగి పలకల మీద రాగిపొడి పరిచి కొలిమిలో కాల్చి, బుడగలు పుట్టడానికి లెక్కలేనన్ని సూదిబెజ్జాలు తయారుచేసింది. ముందుకన్నా రెండింతల వేడిని అవి సులువుగా లాగేశాయి. అనంతపురంలో ఎంటెక్ చదివే రోజుల్లో మొదలుపెట్టిన పని, ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆ రేకుల షెడ్డులో పూర్తయింది.

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు లోపలికి చూడడానికి ఆ ట్యాంకుకు బిగించిన అద్దం, దాన్ని కనిపెట్టుకుని ఉండే పనివాడు మద్దిలేటి ముఖం మీద పేలింది. శ్రీదేవి ఆ వేళకు గొట్టాలు కొనడానికి కర్నూలు పోయి ఉంది. ఒక కన్ను అదేరోజు తీసేశారు. రెండోది నిలుస్తుందో లేదో పెద్దాసుపత్రిలో ఇంకా చెప్పలేదు.

"వెనక సందు లోంచి ఈమెను పంపించురా తేజా," అన్నాడు ప్రదీప్‌కుమార్ తమ్ముడితో. "కడప బస్సెక్కించు. పుట్టింట్లో ఉండనీ కొన్నాళ్లు. పోలీసులు వస్తే నేను చెప్పుకుంటా, అది ఆయమ్మ ప్రయోగం, మాకేమీ తెలీదని."

తేజేశ్వర్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. భార్య వైపు చూడలేదు, అన్న వైపు చూడలేదు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"నేను యాడికీ పోను," అంది శ్రీదేవి. "ఒక్క మాట చెప్పండి బావా. సేఫ్టీ వాల్వు ఎందుకు తెరుచుకోలేదు? ఒత్తిడి అయిదు పౌన్లు దాటితే అది తెరుచుకోవాల. ఎండ ముదిరిన కాడినుంచి రోజూ మధ్యాహ్నం తెరుచుకుంటానే ఉన్నింది. మంగళవారం ఒక్కరోజు ఎందుకు తెరుచుకోలేదు?"

"వాల్వంట వాల్వు! వాకిట్లో మనుషులు ప్రాణాలు తీయను వచ్చింటే..."

"ఫౌండ్రీ తాళాలియ్యండి. పోయి చూస్తా."

"ఆ పక్కకు పోయినావంటే కాళ్లిరగ్గొడతా!"

"అద్దమే నాసిది శ్రీదేవీ." తేజేశ్వర్ నేల చూస్తూ అన్నాడు. "అద్దం నాసిదైతే వాల్వేమి చేస్తాది? ఊరుకో."

నాలుగో రాయి తలుపుకు తగిలింది. గడియ ఊగింది.

శ్రీదేవి కొంగు నడుముకు దోపుకుని, అత్తను పక్కకు తప్పించి, గడియ తీసింది.

వాకిట్లో పదిమంది దాకా ఉన్నారు, కోడుమూరు పక్క పల్లెవాళ్లు. ముందర హనుమేష్, పిడికిట్లో రాయి. మెట్ల మీద మద్దిలేటి పెండ్లాం ఈరక్క కూర్చుని ఉంది. ఒళ్లో మొగుడి చొక్కా. నెత్తురు ఎండి అట్టకట్టిన చొక్కా.

ఈరక్క లేచి నిలబడింది. శానా నెమ్మదిగా అడిగింది.

"మా ఆయప్పను ఆ అద్దం ముందర నిలబెట్టింది నువ్వేనా?"

"నేనే."

చెంప పగిలింది. శ్రీదేవి తలుపు రెక్కకు కొట్టుకుని నిలదొక్కుకుంది.

"ఏం సూడమన్యావు ఆడ?"

"బుడగలు చూడమన్నా. చిన్నవిగా, విడివిడిగా లేస్తాంటే మంచిది. ఒకదాన్నొకటి అతుక్కోని పొర మాదిరి కమ్ముకుంటే వెంటనే కరెంటు ఆపేయమన్నా. పొర కమ్మితే లోపలి బిళ్లలు కాలిపోతాయి. అందరికీ అది తెలీదు ఈరక్కా. గేజీ ముల్లు కన్నా ముందే ఆయన కనిపెట్టేవాడు. ఆయనకు అంత మంచి కన్ను..."

మాట సగంలో ఆగిపోయింది. తాను ఏమన్నదో శ్రీదేవికి అప్పుడు వినిపించింది.

ఈరక్క రెండో చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. పెదవి చిట్లి నోట్లో ఉప్పగా తగిలింది. శ్రీదేవి చేతులు అడ్డం పెట్టుకోలేదు.

"ఇంగ మాటలేంటికి వదినా?" హనుమేష్ రాయి ఎత్తాడు. "పక్కకు జరుగు!"

"ఉండరా!" ఈరక్క మరిది చెయ్యి పట్టుకుంది. ఆయాసపడుతోంది. "ఈయమ్మ తలుపు తీసుకోని బయటికొచ్చింది. మగోల్లు లోపల ఉండారు."

"నన్ను ఫౌండ్రీకి తీసుకపో ఈరక్కా," అంది శ్రీదేవి. "ట్యాంకు ఎందుకు పేలిందో చూసి నీకే చెప్తా. నా తప్పయితే నా తప్పనే చెప్తా. ఆ మాట విన్నాక నన్నేం చేస్తావో చేయి."

ఈరక్క ఆమె ముఖంలోకి చూసింది. అంతలో ఇంటి వెనక సందులో మోటారుసైకిలు స్టార్టయింది. శ్రీదేవి లోపలికి తిరిగి చూసింది. హాల్లో అత్త ఉంది, తేజేశ్వర్ ఉన్నాడు. బావ లేడు.

"ట్యాంకు మాయం చేయను పోతాండాడు," అంది శ్రీదేవి. "పదండి!"

*

రెండు ఆటోల్లో వాళ్లు పోయేసరికి ఫౌండ్రీ గేటు బార్లా తెరిచి ఉంది. షెడ్డులో గ్యాస్ కట్టరు మంట బుసకొడుతోంది. వెల్డరు అయ్యన్న నల్లద్దాలు పెట్టుకుని ట్యాంకు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక మూల అప్పటికే జానెడు తెగిపోయింది.

"కొయ్యి! ఆగొద్దు, కొయ్యిరా!" ప్రదీప్‌కుమార్ అతని నెత్తి మీద నిలబడి అరుస్తున్నాడు.

శ్రీదేవి పరుగెత్తుకుంటూ పోయి మంటకూ ట్యాంకుకూ మధ్య చెయ్యి పెట్టింది. అయ్యన్న ఉలిక్కిపడి మంట పక్కకు తిప్పాడు. అయినా నిప్పురవ్వలు ఆమె ముంజేయి మీద పడి చర్మం ఉడికింది.

"చిన్నమ్మా! నీకేమన్నా పిచ్చా!" అయ్యన్న మంట ఆర్పేశాడు.

ప్రదీప్‌కుమార్ మరదలి జుట్టు పట్టుకున్నాడు. పన్నెండేళ్లుగా ఇల్లు నడుపుతున్న మనిషి, ఇంటి ఆడదాని మీద ఏనాడూ చెయ్యి వేసినవాడు కాదు. ఆమెను వెనక్కి ఈడ్చి ఇసుక కుప్ప మీద పడేశాడు.

"కులం నవ్వేటట్ల చేస్తాండావు! మా నాయన పేరు బజారున పెడతాండావు!"

ఆ తర్వాత అతనికి మాట్లాడే సందు దొరకలేదు. హనుమేష్ అతని మీద పడ్డాడు.

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని పోతపెట్టెల మీదుగా దొర్లారు. హనుమేష్ అతని గొంతు నులిమాడు. ప్రదీప్‌కుమార్ మోకాలితో పొట్టలో పొడిచి విడిపించుకుని, కడ్డీ అందుకుని, లేస్తున్నవాడి చేతి మీద పూనకం వచ్చినట్టు కొట్టాడు. మోచేతి కింద ఎముక విరిగిన చప్పుడు షెడ్డంతా వినిపించింది. హనుమేష్ అరవలేదు. వేలాడుతున్న కుడిచేతి వైపు ఒకసారి చూసుకుని, ఎడంచేత్తో నేల మీది ఇనుపముక్క తీసి ప్రదీప్‌కుమార్ దవడ మీద మోదాడు. రెండు పళ్లు నెత్తురుతో సహా ఇసుకలో పడ్డాయి.

అప్పుడు గానీ పల్లెవాళ్లు వచ్చి ఇద్దరినీ విడదీయలేకపోయారు. హనుమేష్ రెండడుగులు వేసి కూలబడ్డాడు. ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఎత్తండప్పా, ఆటోలో పండబెట్టండి," అంది ఈరక్క. మనుషులు అతన్ని మోసుకుపోతుంటే వెనకే నడిచి, గేటు దగ్గర ఆగి వెనక్కి చూసింది. "సూసి చెప్తానన్యావు గదమ్మా. నేను ఈడనే గేటు బయట ఉంటా. సూడు."

శ్రీదేవి ఇసుకలోంచి లేచింది. కాలిన చెయ్యి మండుతోంది. అయినా స్పానరు తీసుకుని నిచ్చెన ఎక్కింది.

ట్యాంకు పైమూత మీద సేఫ్టీ వాల్వు ఉండాల్సిన చోటే ఉంది. పిడికిలంత ఇత్తడి వాల్వు. ఆవిరి బయటికి పోయే నోటి మీద వేలు పెట్టి చూసింది. వేలు లోపలికి పోలేదు. ఇంకోసారి పెట్టింది. నోటి నిండా ఇత్తడి కరిగించి పోసి, ఆకురాయితో నున్నగా అరగదీసి ఉంది. దూరం నుంచి చూసేవాళ్లకు తేడా తెలియదు. చుట్టూ మంట తగిలిన నీలిచారిక మాత్రం చెరగలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఏం జరిగిందో నిలువునా కళ్ల ముందుకు వచ్చింది. ఎండ నలభై అయిదు. కప్పు మీద గొట్టాలు చల్లబడవు. ఆవిరి చుక్కగా మారదు. కిందనుంచి ఇంకా ఆవిరి వస్తూనే ఉంటుంది. పోవడానికి దారి లేదు. ఇనుపగోడలు ఓర్చుకుంటాయి, అద్దం ఓర్చుకోదు. దాని ముందర మద్దిలేటి కన్ను ఆర్పకుండా నిలబడి ఉన్నాడు.

స్పానరుతో వాల్వు విప్పి చేతిలోకి తీసుకుని నిచ్చెన దిగింది. అప్పటికి తేజేశ్వర్ కూడా వచ్చి ఉన్నాడు. గేటు లోపల స్కూటరు ఆపి, దాన్ని స్టాండు వేయడం కూడా మరిచిపోయి పట్టుకుని నిలబడ్డాడు.

"బావా, దీని నోరు ఎవరు పూడ్చినారు?"

ప్రదీప్‌కుమార్ నెత్తురు ఉమ్మి, వాల్వు వైపు చూశాడు. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని ముఖం వాడిపోయింది.

"నాకు తెలీదు. నా బిడ్డల మీద ఒట్టు, నాకు తెలీదు."

అబద్ధం కాదని శ్రీదేవికి తెలిసిపోయింది. కేసు మెడకు చుట్టుకోకుండా ట్యాంకును ముక్కలు చేయాలనుకున్నాడు తప్ప, ఆ మనిషికి ఈ సంగతి తెలియదు. ఆమె అయ్యన్న వైపు తిరిగింది. ఈ ఫౌండ్రీలో అంత నున్నగా ఇత్తడి అతుకు వేయగలిగిన చెయ్యి ఒక్కటే ఉంది.

అయ్యన్న నల్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. అరవై ఏళ్ల మనిషి.

"నేనే మూసినా చిన్నమ్మా. సోమవారం సాయంత్రం."

"ఎవరు మూయమంటే?"

"ఎందుకో నాకు తెలీదమ్మా. మళ్లా రెండు దినాలకు తీసేద్దామని చెప్పినాడు..."

"ఎవరు అయ్యన్నా?"

"చిన్న సావుకారి."

ప్రదీప్‌కుమార్ ఒక్క దూకు దూకి అయ్యన్న రొమ్ము మీద తన్నాడు. ముసలివాడు వెల్లకిలా పడి, లేవడానికి ప్రయత్నించి, మళ్లీ పడిపోయాడు. "నోరు మూసుకో ముండాకొడకా! ఎవరి పేరు ఎత్తుతాండావు!"

శ్రీదేవి ఆ వైపు చూడలేదు. ఆమె మొగుణ్ణి చూస్తోంది.

తేజేశ్వర్ స్కూటరు వదిలేశాడు. అది ధడాలున పడిపోయింది.

"నిన్న బెంగళూరు కంపెనీవాళ్లు నీ ట్యాంకు చూడను రావాల్సి ఉన్నింది శ్రీదేవీ," అన్నాడు. "రోజూ మధ్యాహ్నం ఆ వాల్వు బుస్సుమంటాది. సాయంత్రానికి ద్రవం బెత్తెడు తగ్గిపోతాది. వాళ్ల ముందర అట్ల జరిగితే ఏమంటారు? మీ యంత్రం కారిపోతాండాదని నవ్వి పోతారు. మూడేండ్ల నీ కష్టం. నువ్వు అన్నం తినకుండా రాగిపొడి ముందేసుకోని కూర్చుంటాంటే చూడలేదా నేను? రెండు దినాలు మూస్తే ఏమవుతాదిలే అనుకున్నా. నీ కోసమే..."

"పైన గొట్టాలు చాలవు, ఇంకో వరస వేయాల, అంతవరకు మధ్యాహ్నం కొలిమి ఆపుదాం అని చెప్పినానా లేదా?"

"చెప్పినావు."

"వాల్వును ఎవరూ ముట్టుకోవద్దని చెప్పినానా?"

"చెప్పినావు."

"ఇందాక అందరి ముందర అద్దం నాసిది అన్నావు. నా ముఖం చూడకుండా అన్నావు."

పెళ్లయిన నాలుగేళ్లలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. ఇద్దరికీ ఆ సంగతి తెలిసింది. అయ్యన్న దగ్గు ఒక్కటే వినిపిస్తోంది.

"ఇప్పుడు నువ్వు ఒక్క మాట చెప్తే చాలు," తేజేశ్వర్ రెండడుగులు దగ్గరికి వచ్చాడు. "అద్దం పగిలిందని చెప్పు. చదివినదానివి, చేసినదానివి, నువ్వు చెప్తే అందరూ నమ్ముతారు. మద్దిలేటి సంసారాన్ని బతికినన్నాళ్లు మనమే చూసుకుందాం. నన్ను జైలుకు పంపితే నీకు ఏమొస్తాది?"

"అద్దం ముందర ఇనుపజాలీ బిగించాల్సింది నేను. బిగించలేదు. అది నా తప్పు. ఆ మాట నేనే చెప్తా." శ్రీదేవి వాల్వును పిడికిట్లో గట్టిగా పట్టుకుంది. "ఈ మాట కూడా చెప్తా. పోలీసు స్టేషన్లో చెప్తా. ముందు ఆసుపత్రికి పోయి ఆయన మంచం పక్కన నిలబడి చెప్తా. ఆయన తన వల్లే పేలింది అనుకుంటా ఉంటాడు. తనే సరిగా కనిపెట్టలేదు అనుకుంటా ఉంటాడు."

ఆమె గేటు వైపు నడిచింది.

"తేజా!" ప్రదీప్‌కుమార్ చేత్తో దవడ పట్టుకుని, మాట ముద్దముద్దగా వస్తుంటే అరిచాడు. "గేటు మూయి!"

గేటు అవతల ఆటో ఇంజను చప్పుడు. ఈరక్క గొంతు వినిపించింది. "ఏమ్మా! ఏమన్నా కనబడిందా? వస్తాండావా?"

తేజేశ్వర్ కదలలేదు. గేటుకు అందరికన్నా దగ్గరగా ఉన్నది అతనే.

"మూయిరా! అది ఆ ముక్క పట్టుకోని బయటికి పోయిందంటే నీ బతుకు అయిపోయినట్లే!"

తేజేశ్వర్ భార్య వైపు చూశాడు. ఆమె పెదవి మీద నెత్తురు, చేతి మీద కాలిన మచ్చ, జుట్టు నిండా ఇసుక. ఆమె అడుగు ఆపలేదు. దారి ఇస్తాడనే అనుకుంది.

అతను వెనక్కి తిరిగి రెండు రెక్కలూ దగ్గరికి లాగాడు. అడ్డగడియ వేసి, తాళం నొక్కి, తాళపుచెవి అన్న వైపు విసిరాడు. గేటుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఇయ్యి శ్రీదేవీ," అన్నాడు. ఏడుస్తున్నాడు. "నాకియ్యి. నీ మీద చెయ్యి వేసేటట్ల చేయొద్దు."

ప్రదీప్‌కుమార్ కడ్డీ తీసుకుని వెనకనుంచి వస్తున్నాడు. బూట్ల కింద ఇసుక కరకరలాడుతోంది.

శ్రీదేవి ఇద్దరినీ చూసింది. ప్రహరీగోడ పొడవును చూసింది. మనిషి ఎత్తుకు ఇంకో మూరెడు ఉంటుంది.

"ఈరక్కా!" గొంతు చించుకుని అరిచింది. "గోడ కాడికి రా! విసురుతాండా, ఏరుకో! దీని నోరు పూడ్చినారు! పోలీసోళ్లకు తప్ప ఎవరికీ ఇయ్యొద్దు!"

తేజేశ్వర్ ఆమె చేతి మీదికి దూకాడు. అతని వేళ్లు ఆమె కాలిన ముంజేతిని పట్టుకున్నాయి. ఆమె ప్రాణం పోయినట్టు అరిచింది, అరుస్తూనే ఎడంచేతిలోకి మార్చుకుని, ఉన్న బలమంతా పెట్టి విసిరింది.

వాల్వు గోడ అంచుకు తగిలింది. ఒక్క క్షణం ఎటు పడుతుందో తెలియలేదు. అవతలికి పడింది.

బయట ఎవరో పరుగెత్తిన చప్పుడు. తర్వాత ఈరక్క గొంతు.

"దొరికిందమ్మా!"

మరుక్షణం గేటు మీద మొదటి దెబ్బ పడింది. బయటనుంచి పల్లెవాళ్లు భుజాలతో గుద్దుతున్నారు. తేజేశ్వర్ వీపు వెనక ఇనుపరేకు అదిరిపోతోంది. గడియ ఊడాలంటే ఇంకా చాలా దెబ్బలు పడాలి.

శ్రీదేవి వెనక్కి తిరిగింది. ప్రదీప్‌కుమార్ చేతిలో కడ్డీ లేచి ఉంది.

ఆమె మొగుడి ముఖం వైపు చూసింది. మధ్యలోకి వస్తాడేమోనని చూసింది. అతను ఆమె చెయ్యి వదలలేదు.